వాళ్ల పాట అయ్యేదాకా

ముప్పై ఒక్క ఏళ్లు ఆడపిల్లలకు పాట నేర్పాను. నిజం చెప్పాలంటే పాట నేర్పిన దానికన్నా "ష్, నోరు ముయ్యండి" అన్నదే ఎక్కువ. రిటైరైన రోజు శాలువా కప్పి, నా సంగీత సేవ గురించి హిందీలో ఒక కాగితం చదివారు. అందులో నేను చేసినవి తక్కువ, చేయనివి ఎక్కువ. మొన్న మా స్కూల్లో కొత్తగా చేరిన పాటల టీచర్లు ఇద్దరు ఇంటికొచ్చి, మీ సర్వీసులో మరచిపోలేని కార్యక్రమం ఏది సార్ అని అడిగారు. పిల్లల్లో ఒక్కరూ నేను చెప్పినట్టు పాడని కార్యక్రమం ఒకటుంది, అది చెప్తాను, నేర్చుకోవడానికేమైనా ఉంటే నేర్చుకోండి, లేకపోతే టీ తాగి వెళ్లండి అన్నాను. వాళ్లు టీ తాగారు. నేను చెప్పింది ఇదీ.

నాది కొంటా, తెలుగు నేలకు సరిహద్దు ఊరు. శబరి నది ఒడ్డున భజన మండలిలో హార్మోనియం తొక్కుతూ పెరిగాను. జగదల్‌పూర్‌లో సిస్టర్లు నడిపే ఆడపిల్లల స్కూలుకు పాటల మాస్టర్ కావాలంటే వెళ్లాను. వాళ్ల పాటలు నాకు రావు, నా పాటలు వాళ్లకు అక్కర్లేదు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు కాబట్టి ఎప్పుడూ గొడవ రాలేదు.

అప్పటి మా ప్రిన్సిపాల్ సిస్టర్‌ది కేరళ. గోదావరి వైపు పదేళ్లు పనిచేసి వచ్చారు కాబట్టి తెలుగు బాగానే మాట్లాడేవారు. నన్ను "మాస్టారూ" అనేవారు. స్టాఫ్ మీటింగులో ఇద్దరు కలిసి నోరు తెరిస్తే చాలు, స్కేలుతో బల్ల మీద కొట్టి "ఒక్కొక్కరు, ఒక్కొక్కరు" అనేవారు. ఎంత క్రమశిక్షణ అని మేమందరం భయపడేవాళ్లం. భయపడి ఇంకా గట్టిగా, అందరం కలిసి మాట్లాడేవాళ్లం.

ఒకరోజు మధ్యాహ్నం పిలిచారు. వెళ్లి, పిల్లల అల్లరి గురించి నా మామూలు ఫిర్యాదు మొదలుపెట్టాను. "వీళ్లకు పాట చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది సిస్టర్" అన్నాను.

"తలుపు వేసి, నాకెదురుగా కూర్చోండి" అన్నారామె. కూర్చున్నాను. "నా ఎడమ చెవి పోయి రెండేళ్లయింది మాస్టారూ. కుడిది కూడా పోతోంది. రాయ్‌పూర్ డాక్టరు వచ్చే వానాకాలం దాకా ఉంటుందన్నాడు."

ట్యాంకులో నీళ్లు అయిపోయాయి అన్నంత మామూలుగా చెప్పారు. నేను నాలిక కరుచుకున్నాను.

"ఫర్వాలేదు. మీ శంఖం ఇంకా కొంచెం వినిపిస్తోంది" అన్నారు.

"చెవికి మిషన్ పెట్టుకోవచ్చు కదా సిస్టర్?"

"పెట్టుకునే ఉన్నాను. ఒక్కరు మాట్లాడితే మాట. నలుగురు కలిసి మాట్లాడితే తిరగలి."

అప్పుడు గానీ ఆ స్కేలు దెబ్బల సంగతి నాకు అర్థం కాలేదు. ఆమె సొరుగు తీసి, దారంతో కట్టిన పాత కాగితాల కట్ట నా ముందు పెట్టారు. అంచులు పసుపెక్కిన జిరాక్సులు. గీతల మీద చీమల బారులాంటి పాశ్చాత్య స్వరాలు. ఆమెకు ఇరవై ఏళ్లప్పుడు, సిస్టర్ కావడానికి చదువుకుంటున్న రోజుల్లో, తోటి వాళ్లతో కలిసి ఆ పాట పాడారట. నాలుగు గొంతుల పాట. ఆమెది మూడో గొంతు. మళ్లీ ఎక్కడా వినలేదట. వేసవి సెలవుల ముందు వచ్చే స్కూల్ పండగ అవగానే ఆమె కేరళలో ముసలి సిస్టర్లుండే ఇంటికి వెళ్లిపోతారు.

"చెవి పోయేలోపు ఒక్కసారి వినాలి. మన పిల్లలతో పాడించండి. రిహార్సల్‌కి మాత్రం రాను. ముక్కముక్కలుగా వినడానికి నా దగ్గర అంత చెవి మిగల్లేదు" అన్నారు.

ఆ పాట కథ కూడా ఆమే చెప్పారు. నాలుగు వందల ఏళ్లకు పైబడిన పాట. ఇటలీలో ఎవరో ఒక ప్రేమ పాట కట్టారు. ప్రియురాలు వెళ్లిపోతోంది, ప్రియుడు ప్రాణం పోతోందంటాడు, అంతే సంగతి. ఇంకో దేశంలో ఇంకో పెద్దాయన ఆ పాటను తీసుకుని, కుట్లన్నీ విప్పి, అటు ముక్క ఇటు వేసి, మధ్యలో తన సొంత గుడ్డ కలిపి, గుడిలో పాడే ప్రార్థనగా మళ్లీ కుట్టాడు. ప్రేమ మాటలు పోయి "ప్రభూ, దయ చూపు" అన్న మాటలొచ్చాయి. కట్టలో రెండూ ఉన్నాయి, పై కాగితాల్లో ప్రేమ, కింద ప్రార్థన.

"మా కొంటా భజన మండలిలో మేం చేసేది అదే సిస్టర్. సినిమా పాట వరస మీద భజన కడతాం" అన్నాను.

ఆమె నన్ను కాసేపు చూసి, "అలాంటిదే. కాకపోతే ఇది కొంచెం కష్టం" అన్నారు.

కొంచెం కాదు, తల ప్రాణం తోకకొచ్చింది. ఆ చీమల బారును చదవడం నేర్చుకుని సరిగమల్లోకి మార్చడానికి నాకు నెల పట్టింది. నాలుగు గొంతులకు నాలుగు రంగుల నోట్‌బుక్కులు పెట్టాను. తెలుగులో రాసుకున్నది హిందీలో మళ్లీ రాశాను. హాస్టల్ పిల్లల్లో ఇరవై నలుగురిని ఏరి, జట్టుకు ఆరుగురు చొప్పున కూర్చోబెట్టాను. చాలామంది కొంటా, గొల్లపల్లి వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్లే. ఇంట్లో దోర్లి, బడిలో హిందీ, బజారులో హల్బీ, నాతో తెలుగు. ఐదో భాషలో పాడమంటే వాళ్లకు పెద్ద తేడా ఏమీ కనిపించలేదు.

ముందు ప్రేమ పాట నేర్పాను. ఎముకలు తెలిస్తే ఒళ్లు తెలుస్తుందని నా ఉద్దేశం. పై గొంతు ఒక్కటే అందరితో పాడించాను. రెండు రోజుల్లో వచ్చేసింది. బట్టలుతుకుతూ, అన్నం గిన్నెలు తోముతూ అదే పాట. మూడో రోజు హాస్టల్ వార్డెన్ వచ్చింది. మా కొంటా మనిషే, నన్ను అన్నా అంటుంది.

"ఏంది అన్నా, పిల్లలతోటి ప్రేమ పాట పాడిపిస్తున్నవ్? తల్లిదండ్రులు అడిగితే నేనేం జవాబు చెప్పాలె?"

"దాని అర్థం ఎవరికీ తెల్వదు."

"నాకు తెలుసుగద."

"నీకెట్ల తెలుసు?"

"నువ్వే చెప్పినవ్, నిన్న పొద్దున, చాయ్ తాగుకుంట."

ప్రేమ పాట ఆపేసి ప్రార్థన మొదలుపెట్టాను. అసలు కష్టం అక్కడే మొదలైంది.

ఆ పాట నడిచే తీరు ఇది. ఒకటో జట్టు వరస ఎత్తుకుంటుంది. నాలుగు మాత్రలు కాగానే, వాళ్లు ఇంకా పాడుతుండగానే, రెండో జట్టు అదే వరస అందుకోవాలి. ఆ పైన మూడో జట్టు, ఆ పైన నాలుగోది. నాలుగూ ఒకదాని మీద ఒకటి నడుస్తుంటే అది పాట. నేను ఒకటో జట్టుకు చెయ్యెత్తాను, పాడారు. రెండో జట్టుకు చెయ్యెత్తాను. నా వంక చూస్తూ కూర్చున్నారు. ఒకటో జట్టు తమ భాగం మొత్తం, చివరిదాకా పాడి ఆగింది. అప్పుడు రెండో జట్టు గొంతు సవరించుకుని మొదటి నుంచి అందుకుంది.

అర్థం కాలేదేమోనని మళ్లీ చెప్పాను. తలలూపారు. మళ్లీ అంతే. కోప్పడితే రెండో జట్టు భయపడి మధ్యలోనే అందుకుంది. వెంటనే ఒకటో జట్టు పాడడం ఆపేసి వాళ్లకు దారిచ్చింది. బల్ల మీద దరువేశాను, జామకాయలు కొనిస్తానన్నాను, కొనిచ్చాను కూడా. జామకాయలు ఐపోయాయి. ఏ క్షణం చూసినా పాడుతున్నది ఒక్క జట్టే.

మూడో జట్టును నడిపేది గొల్లపల్లి వైపు పిల్ల. పదో తరగతి. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆ పిల్లను పక్కకు పిలిచి, మీ బాధ ఏంటో చెప్పమ్మా అన్నాను.

"వాళ్ల పాట కాలేదు గద సారూ" అంది. "మా ఊళ్ల రెండు జట్లు పాడుతయి. ఒక జట్టు పాడినంకనే ఇంకో జట్టు అందుకుంటది. వాళ్ల పాట కాకముందే మనం అందుకుంటే, మీ పాట బాలేదు, ఇగ ఆపుండ్రి అన్నట్టు. కొట్లాటకు పోయినట్టే."

"ఇది మీ ఊరి పాట కాదమ్మా, ఇటలీ పాట."

"ఆడ కొట్లాడుకుంటరా సారూ?"

అది బజారులో భజనలు పాడుకుంటూ పెరిగినవాడికి తెలియని మర్యాద. అయినా ఆ మర్యాద చూసి నాకు ఒళ్లు మండిపోయింది. పండగకు ఇరవై రోజులుంది. ప్రిన్సిపాల్ ఆఫీసు ముందు నుంచి వెళ్లాలంటే నాకు ముఖం చెల్లేది కాదు. ఆమె మాత్రం కనిపించినప్పుడల్లా, "నేనేమీ అడగను, మీరేమీ చెప్పకండి" అనేవారు.

దారి చూపింది ఒక పిల్ల చెవినొప్పి. రెండో జట్టులో ఒకమ్మాయి రెండు చెవుల్లో దూది పెట్టుకుని రిహార్సల్‌కు వచ్చింది. నేను చెయ్యెత్తగానే, ఒకటో జట్టు పాట మధ్యలో, ఒక్కతే టంచనుగా అందుకుంది. మిగతావాళ్లు ఆ పిల్లను సిగ్గులేనిదాన్ని చూసినట్టు చూశారు. నాకు మాత్రం లాటరీ తగిలినట్టయింది.

మర్నాడు వార్డెన్ దగ్గర మందుల పెట్టెలోంచి దూది కట్ట తీసుకొచ్చి ఇరవై నలుగురి చెవులూ మూయించాను. ఎదుటి జట్టు పాట అయ్యిందో లేదో వినపడకపోతే మర్యాద తప్పిన పాపం వాళ్లది కాదు. నా చెయ్యి లేస్తే పాడాలి, అంతే. శ్రుతి అక్కడక్కడ పక్కకు పోయింది. వారం రోజులు తిప్పలు పడ్డాం. ఎనిమిదో రోజు, మెస్ హాల్లో, నాలుగు గొంతులూ ఒకదాని మీద ఒకటి ఎక్కి నిలబడ్డాయి.

అలాంటి చప్పుడు నా జన్మలో వినలేదు. ఎటు విన్నా పాటే, ఎవరిది ఎవరిదో తెలియదు. వంటామె గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. ఆ రోజు పప్పు మాడింది, ఎవరూ ఏమీ అనలేదు. సిస్టర్ ఇది వినాలి, చెవి పోయేలోపు వినాలి అని నేను అక్కడే కళ్లు తుడుచుకున్నాను. ఇంత చదువుకున్నవాణ్ని, నాకు అప్పుడు కూడా తిరగలి మాట గుర్తు రాలేదు.

పండగ రోజు వచ్చింది. పల్లెల నుంచి అమ్మమ్మలు, నాయనమ్మలు, తల్లులు ముందు రోజే బస్సుల్లో వచ్చి వరండాలో పడుకున్నారు. పొద్దున వాళ్లను హాల్లో కుర్చీల ముందు జంపఖానా మీద కూర్చోబెట్టారు. ముఖ్య అతిథిగా ఒక పెద్ద ఆఫీసరు సాహెబ్ వస్తుంటే ఎదురెళ్లమని నన్ను గేటు దగ్గరికి పంపారు. ఆ సాహెబ్ అరగంట ఆలస్యంగా వచ్చాడు. నా కొంప ఆ అరగంటలో మునిగింది.

తిరిగొచ్చేసరికి పిల్లలు వేదిక మీద నాలుగు జట్లుగా నిలబడి ఉన్నారు. మొదటి వరస కుర్చీల మధ్యలో సిస్టర్. చెవి మిషన్ సర్దుకుని, ముందుకు వంగి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నేను చెయ్యెత్తాను. ఒకటో జట్టు ఎత్తుకుంది. నాలుగు మాత్రలు. రెండో జట్టు వైపు చెయ్యెత్తాను.

ఎవరూ నోరు తెరవలేదు.

అప్పుడు చూశాను. ఒక్క చెవిలోనూ దూది లేదు. వేదిక పక్క నుంచి వార్డెన్ గుప్పిట తెరిచి చూపించింది. గుప్పిట నిండా దూది.

"గొల్లపల్లి ముసలమ్మ లొల్లి పెట్టింది అన్నా" అని గుసగుసలాడింది. "పీనుగకు పెట్టినట్టు పానమున్న పిల్లల చెవుల్ల దూది ఏందని లేచి నిలవడ్డది. మిగతా ముసలోళ్లు సుత లేచిండ్రు. నేనేం చెయ్యాలె? తీపిచ్చిన."

మూడో జట్టుకు చెయ్యెత్తాను, నాలుగో జట్టుకు ఎత్తాను. ఈగలు తోలుతున్నవాడిలా ఉన్నాను. ఊళ్లో పెద్దవాళ్లందరూ ఎదురుగా కూర్చుని చూస్తుంటే, ఏ పిల్ల ఇంకో జట్టు పాటకు అడ్డం పడుతుంది? గొల్లపల్లి పిల్ల నా వంక జాలిగా చూసింది. కాసేపు ఆగండి సారూ, వాళ్లది కానీయండి అన్నట్టుంది ఆ చూపు.

పాట ఆపించి, మళ్లీ దూది పెట్టించనా అనుకున్నాను. జంపఖానా మీద ఆ ముసలమ్మ నన్నే చూస్తోంది. నాకు ధైర్యం చాలలేదు. సిస్టర్ వైపు చూడడానికి అంతకన్నా చాలలేదు. ఆమె మిగుల్చుకున్న కాస్త చెవిని నేను మట్టిపాలు చేశాను, ఇంక ఆమెకు ఇంకోసారి లేదు అనుకుంటూ చెయ్యి దించేశాను.

ఒకటో జట్టు తమ భాగం చివరిదాకా పాడింది. రెండో జట్టు గొంతు సవరించుకుని మొదటి నుంచి పాడింది. తర్వాత మూడో జట్టు. ఆ మూడో గొంతు మొదట అందరి వరసే అందుకుంటుంది గానీ, ఆ పైన మూడు స్వరాల మధ్యే అటూ ఇటూ తిరుగుతుంది. మిగతా గొంతుల కింద ఉంటే దిండులా పనికొస్తుంది. విడిగా పాడితే ఏమీ లేదు. గొల్లపల్లి పిల్ల ఆ ఏమీ లేనిదాన్ని తొందర లేకుండా, ఒక్క స్వరం వదలకుండా పాడించింది. సాహెబ్ ఫోన్ చూసుకుంటున్నాడు. చివరికి నాలుగో జట్టు అయ్యింది. అయ్యిందనుకుని నేను దండం పెట్టబోతుంటే, ఇంక తమ వంతే అనుకుని జంపఖానా మీది ముసలమ్మలు చివరి ముక్క అందుకున్నారు. వాళ్లూ తొందరపడలేదు.

చప్పట్ల తర్వాత గొల్లపల్లి ముసలమ్మ మనవరాలిని అడగడం నా చెవిన పడింది.

"ఏమన్నరే అండ్ల?"

"దయ చూపు అన్నం, అవ్వా."

"అంతసేపా?"

"అంతసేపు."

"అంతగనం అడిగితే చూపాలె మరి" అంది ముసలమ్మ.

సిస్టర్ నుంచి పిలుపొచ్చింది. వెళ్లాను. తలుపు వేసి ఎదురుగా కూర్చోమన్నారు. క్షమాపణ వేదిక దిగేటప్పుడే తయారు చేసుకున్నాను, నోరు తెరవబోతే చెయ్యి అడ్డంపెట్టారు.

"పిల్లలు ఎందుకలా పాడారు?"

ఉన్నదున్నట్టు చెప్పాను. ఊరి మర్యాద, జామకాయలు, చెవినొప్పి, దూది, ముసలమ్మ. దూది దగ్గరికొచ్చేసరికి ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకున్నాను, నవ్వుతున్నారు.

"నాలుగూ కలిపి పాడి ఉంటే నాకు తిరగలే వినిపించేది మాస్టారూ" అన్నారు. "అది తెలిసే అడిగాను. ఏమో, దేవుడు ఒక్క గంటకు చెవి ఇస్తాడేమోనని ఆశ. ఆయన ఇవ్వలేదు. పిల్లలు ఇచ్చారు. అంతా వినపడింది. ఒక్కొక్కటి, ఒక్కొక్కటి."

తయారు చేసుకున్న క్షమాపణ నాలోనే దాచుకున్నాను.

"ఇంకో సంగతి. ఆ రోజుల్లో పాడేటప్పుడు కూడా నా గొంతు నాకు ఎప్పుడూ వినపడలేదు. పక్కవాళ్ల గొంతులే వినపడేవి. మూడో గొంతు ఎలా ఉంటుందో ఇవాళే తెలిసింది." ముందుకు వంగి అడిగారు. "అంత బాగోలేదు, కదా?"

"బాగోలేదు సిస్టర్" అన్నాను. అబద్ధం చెప్పే ఓపిక నాకు లేదు.

"మూడే స్వరాలు."

"మూడే."

"మొత్తం విన్నాను" అన్నారు. అప్పుడు ఏడ్చారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి నేనూ ఏడ్చాను, అది కూడా ఇప్పుడు దాచడం దేనికి.

ఎవరిదో ప్రేమ పాటను ఆ పెద్దాయన విప్పి ప్రార్థనగా కుట్టాడు. ఆయన కుట్టినదాన్ని గొల్లపల్లి వైపు పిల్లలు విప్పి, గుడ్డ ముక్కలు దండెం మీద విడివిడిగా ఆరేశారు. ఆయన వింటే ఏమనేవాడో నాకు తెలియదు. ఆయన విప్పినప్పుడు ఆ ప్రేమ పాట కట్టినవాణ్ని కూడా ఎవరూ అడిగి ఉండరు. మీకు చెప్పగలిగింది ఒక్కటే: పిల్లలు మీరు చెప్పినట్టు పాడకపోతే, దూది కోసం పరిగెత్తే ముందు ఎందుకు పాడట్లేదో వాళ్లను అడగండి. నేను అడిగాను కూడా. అడిగి, జవాబు విని, ఆ తర్వాత దూది పెట్టాను. నా తెలివి అంత.

సిస్టర్ ఏప్రిల్‌లో వెళ్లిపోయారు. డాక్టరు చెప్పిన వానాకాలం దాకా కూడా ఆగలేదు ఆ చెవి. వానలు తగ్గాక నాకొక ఉత్తరం వచ్చింది. అక్షరాలు పెద్దవిగా, తెలుగులోనే రాశారు. ఇప్పుడు మిషన్ తీసి సొరుగులో పెట్టేశారట. వంటింట్లో కూరలు తరుగుతూ మూడో గొంతు పాడుకుంటున్నారట, తనకు వినపడదు కాబట్టి ఎంత గట్టిగా పాడుతున్నారో తెలియదట. పక్క సిస్టర్లు పలక మీద రాసి అడిగారట, మూడు స్వరాలు తప్ప ఏమీ లేని ఈ పాట ఏం పాట అని.

"చాలా పెద్ద పాట అని చెప్పాను మాస్టారూ. మిగతావాళ్లు నాది అయ్యేదాకా ఆగి ఉన్నారు అని చెప్పాను."